న్యాయమైన కూలి: ఎవరి పక్కన నిలబడి చూస్తున్నాం?

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



"వేతనాలు, న్యాయ భావన, సంస్కృతి" అని నాకిచ్చిన అంశం పేరు. కాగితం మీద చూడగానే ఇదేదో విశ్వవిద్యాలయంలో చదవాల్సిన పత్రంలా ఉందే అనిపించింది. అందుకే పుస్తకాల జోలికి తర్వాత పోదాం, ముందు ఒక పొలం గట్టు మీద కూర్చుందాం.

చాలా ఏళ్ళ కిందట నల్గొండ జిల్లాలో వ్యవసాయ కూలి స్త్రీల వేతనాల మీద సర్వే చేస్తూ తిరుగుతున్నాం. మా ప్రశ్నావళిలో ఒక ప్రశ్న: "మీకిచ్చే కూలి న్యాయంగా ఉందనుకుంటున్నారా?" దానికి మూడు గడులు. అవును, కాదు, చెప్పలేను. నాట్లేసి గట్టెక్కిన ఒకామెను అడిగాను. ముఠాకు పెద్ద ఆమె. "మంచిగనే ఉంది బిడ్డా" అంది. మగవాళ్ళకు మీకంటే ఎక్కువిస్తున్నారు కదా అన్నాను. "మొగోళ్ళకు ఎక్కువుంటది గద. ఇల్లు నడపాలె ఆళ్ళు" అంది. మరి మీ ఇల్లు ఎవరు నడుపుతున్నారు అని అడిగాను. "నేనే. ఆయన పోయి ఏడేండ్లాయె" అంది, అదేం ప్రశ్న అన్నట్టు నన్ను చూస్తూ.

"అవును" గడిలో టిక్కు పెట్టాను. పక్కన మార్జిన్‌లో "చైతన్యం లేదు" అని కూడా రాసుకున్నాను. ఆ మాట రాసినందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతుంటాను. ఎందుకంటే మేం లేచి వస్తుండగానే ఆవిడ రైతును పట్టుకుని దులిపేస్తోంది. పక్క ఊళ్ళో నాట్లకు మనిషికి ఇరవై రూపాయలు ఎక్కువిస్తున్నారట, రేపటి నుంచి అంత ఇవ్వకపోతే ముఠా మడిలో దిగదట. రైతు ఎంత బతిమాలినా వినలేదు. ఇంతకంటే చైతన్యం ఏం కావాలి? ఆమె దగ్గర కొలబద్ద ఉంది, దాన్ని వాడటం కూడా వచ్చు. కాకపోతే పక్క ఊరి ఆడవాళ్ళ దాకా సాగిన ఆ కొలబద్ద, అదే మడిలో నారు కట్టలు అందిస్తున్న మగవాళ్ళ దాకా సాగలేదు. ఎందుకు సాగలేదన్నదే ఇవాళ నేను మాట్లాడబోయేది.

జీతం న్యాయంగా ఉందా లేదా అని మనిషి ఎట్లా తేల్చుకుంటుందనే దాని మీద చాలా పరిశోధన జరిగింది. అందులో ఎక్కువగా చెప్పుకునేది జాన్ స్టేసీ ఆడమ్స్ అనే ఆయన 1963లో ప్రతిపాదించిన సిద్ధాంతం. ఆయన అప్పట్లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పరిశోధకుడు. ఆయన చెప్పింది మన భాషలో ఇదీ: నేను పెట్టిన కష్టమెంత, నాకొచ్చిందెంత అని ఒక లెక్క, నా పక్క మనిషి పెట్టిందెంత, ఆ మనిషికి వచ్చిందెంత అని మరో లెక్క, రెండూ సరితూగితే మనసుకు న్యాయం, తూగకపోతే అన్యాయం. వినడానికి సబబుగానే ఉంది. అయితే ఇందులో రెండు సంగతులు ముందే తేలిపోయినట్టు అనుకున్నారు. ఒకటి, కష్టాన్ని బట్టే ఇవ్వడం న్యాయమని. రెండోది, ఆ పక్క మనిషి ఎవరో మనకు తెలుసునని. ఈ రెండూ దేశాన్ని బట్టి, సమాజాన్ని బట్టి, ఆడా మగా తేడాను బట్టి మారిపోతాయి.

రెండోదాన్ని ముందు చూద్దాం. 1982లో ఫే క్రాస్బీ అనే అమెరికన్ పరిశోధకురాలు ఉద్యోగినుల అసంతృప్తి మీద ఒక పుస్తకం వేసింది. బోస్టన్ నగరం పక్కన న్యూటన్ అనే ఊళ్ళో ఉద్యోగం చేసే ఆడవాళ్ళను, మగవాళ్ళను ప్రశ్నించింది. సమాన స్థాయి ఉద్యోగాల్లో కూడా ఆడవాళ్ళకు తక్కువ జీతాలున్నాయి. దేశంలో స్త్రీలకు అన్యాయం జరుగుతోందా అంటే జరుగుతోందన్నారు. మరి మీకో అంటే, నాకేం ఫరవాలేదన్నారు. చదువుకున్నవాళ్ళు, స్త్రీ విముక్తి ఉద్యమం చూసినవాళ్ళు, పత్రికలు చదివేవాళ్ళు. మన నల్గొండ పెద్దమ్మ మాటకూ వీళ్ళ మాటకూ పెద్ద దూరం లేదు. కాబట్టి "మన ఆడవాళ్ళు వెనకబడి ఉన్నారు, అందుకే అడగరు" అనే మాటను ఇక్కడే వదిలేద్దాం.

1984లో బ్రెండా మేజర్, ఆమె సహచరులు ఇంకో ప్రయోగం చేశారు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే పని ఇచ్చి, మీ పనికి మీరే వెల కట్టుకోండి అన్నారు. ఆడవాళ్ళు తమకు తాము తక్కువ కట్టుకున్నారు. అయితే ఇతరులు ఎంత తీసుకున్నారో ముందుగా చూపించినప్పుడు ఆ తేడా పోయింది. ఈ ప్రయోగాన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరమవుతుంది.

ఇక కష్టాన్ని బట్టి ఇవ్వడమే న్యాయమా అన్న సంగతి. దీనిమీద మన దేశాన్నీ అమెరికానూ పోల్చిన అధ్యయనాలున్నాయి. వర్జీనియా మర్ఫీ బెర్మన్, జాన్ బెర్మన్, పూర్ణిమా సింగ్, మరికొందరు కలిసి 1984లో ఒకటి, 1985లో ఇంకొకటి ప్రచురించారు. విద్యార్థులకు ఒక కథ చెప్పారు. ఇద్దరు ఉద్యోగులు. ఒకరు పనిలో దిట్ట, ఇంట్లో లోటు లేదు. రెండోవారు పనిలో మామూలు, ఇంట్లో మాత్రం ఇబ్బందులు. బోనస్ సొమ్ము ఎట్లా పంచితే న్యాయం? అమెరికా విద్యార్థులు పనివైపు మొగ్గారు. మన విద్యార్థులు అంతకంటే ఎక్కువగా అవసరం వైపు మొగ్గారు. బోనస్ ఇవ్వడం కాకుండా జీతంలో కోత పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం రెండు దేశాల వాళ్ళూ అవసరాన్ని ఎక్కువగా చూశారు.

ఇది చదివినప్పుడు మొదట నాకు సంతోషమే కలిగింది. ఆకలిగా ఉన్నవాడికి ముందు పెట్టాలనే మన అమ్మమ్మల నీతి లెక్కల్లో కూడా కనబడిందని. మన భాషలోనే ఆ భావం ఉంది. జీతం అనే మాట జీవితానికి వికృతి అని నిఘంటువులు చెబుతాయి. బతకడానికి ఇచ్చేది జీతం. కళ్ళంలో చాకలికి, మంగలికి, కుమ్మరికి కొలిచే మేర గింజలు కూడా ఎన్ని బట్టలు ఉతికారు, ఎన్ని కుండలు చేశారు అనే లెక్క మీద నడిచినవి కావు. అది కులం కట్టుబాటు అన్న సంగతి మరిచిపోయి దాన్ని పొగడకూడదనుకోండి. కానీ చేసిన పనికి నిక్కచ్చిగా వెల కట్టడమొక్కటే న్యాయమన్న ఊహ మనకు కొత్తదే.

తర్వాత ఒక అనుమానం మొదలైంది. ఆ కథలో ఇబ్బందుల్లో ఉన్న రెండో ఉద్యోగి ఆడమనిషి అనుకుందాం. "అవసరం ఉంది కదా, ఇవ్వండి" అంటారా? లేక "ఆమెకేం, భర్త ఉన్నాడు కదా" అంటారా? పెళ్ళి కాకపోతే "తండ్రి ఉన్నాడు కదా", భర్త పోతే "కొడుకున్నాడు కదా". అవసరాన్ని చూసి ఇవ్వడం మంచి నీతే. కానీ ఎవరి అవసరం అవసరంగా లెక్కలోకి వస్తుందో నిర్ణయించేది ఆ ఇంటి పెద్దరికం. నల్గొండ పెద్దమ్మ చెప్పిన జవాబు అదే. మగవాడికి అవసరం ఉంటుందని ఆమె ఒప్పుకుంది. తనది కూడా అదే అవసరమని ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఇది మనకొక్కరికే ఉన్న జబ్బు కాదు. జపాన్ చూడండి. యుద్ధంలో సర్వనాశనమయ్యాక, 1946లో అక్కడి విద్యుత్ కార్మికులు పోరాడి ఒక కొత్త వేతన పద్ధతి సాధించారు. జీతంలో పెద్ద భాగం కార్మికుడి వయసును బట్టి, పోషించాల్సిన కుటుంబాన్ని బట్టి ఉండాలని. తిండి దొరకని రోజుల్లో అది ఎంతో న్యాయమైన కోరిక. పోరాడిందీ కార్మిక సంఘమే. ఆ పద్ధతి ప్రభావం దశాబ్దాల పాటు జపాన్ జీతాల మీద ఉంది. కుటుంబ భత్యం "ఇంటి యజమాని"కి ఇచ్చే అలవాటు పాతుకుపోయింది. ఇవాతే ప్రాంతంలో ఒక బ్యాంకు, భార్య సంపాదిస్తున్నా మగ ఉద్యోగికి ఆ భత్యం ఇచ్చి, భర్త సంపాదిస్తున్నాడని మహిళా ఉద్యోగికి ఎగ్గొట్టింది. ఆవిడ కోర్టుకెక్కింది. 1992లో సెండాయ్ హైకోర్టు దాకా పోయి గెలిచింది. వేతనాల్లో స్త్రీ పురుష వివక్ష కూడదని జపాన్ చట్టంలో 1947లోనే రాసుకున్నారు. చట్టంలో ఉన్న మాట ఒకటి, అందరి మనసులో న్యాయంగా తోచింది ఇంకొకటి.

మన దగ్గర 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ సంగతి మీలో చాలామందికి తెలుసు. కనీస వేతనం ఎట్లా లెక్కకట్టాలో అక్కడ తీర్మానించారు. కార్మిక కుటుంబమంటే మూడు యూనిట్లు. మగవాడు ఒక యూనిట్, భార్య 0.8, ఇద్దరు పిల్లలు ఒక్కొక్కరు 0.6. మనిషికి ఏడాదికి 18 గజాల చొప్పున కుటుంబానికి 72 గజాల బట్ట. ఇంట్లో స్త్రీలు, పిల్లలు సంపాదించేది లెక్కలోకి తీసుకోకూడదు. దీన్ని తిట్టిపోయడం సులువు. కానీ వాళ్ళ ఉద్దేశం మంచిదే. ఆడవాళ్ళ కూలి, పిల్లల కూలి చూపించి యజమాని కార్మికుడి వేతనం కోసేయకూడదని. 1991లో సుప్రీంకోర్టు దీనికి పిల్లల చదువు, వైద్యం లాంటి ఖర్చుల కోసం ఇంకో 25 శాతం కలపమంది కూడా. కనీస వేతనాల కోసం కొట్లాడిన ప్రతి సంఘానికీ ఈ తీర్మానం ఆయుధమైంది. అయితే అందులో సంపాదించే మనిషి బొమ్మ మగవాడిది. ఆడమనిషి 0.8గా అతని పక్కన కూర్చుంది. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో బీడీలు చుట్టి ఇల్లు మొత్తం ఈడ్చుకొచ్చిన స్త్రీలు ఆ బొమ్మలో ఎక్కడున్నారు? వాళ్ళ సంపాదన పేరు నేటికీ "చేతి ఖర్చులు", "వేన్నీళ్ళకు చన్నీళ్ళు".

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి అంగన్‌వాడీల గురించి చెప్పాలి. 1975 అక్టోబర్ 2న ఈ పథకం మొదలైంది. అందులో పనిచేసే స్త్రీలకు ఇచ్చేదానికి జీతమని పేరు పెట్టలేదు. "గౌరవ వేతనం" అన్నారు. మగ ఉద్యోగికి గౌరవమూ జీతమూ రెండూ ఇస్తారు. మనకు గౌరవమే ఇచ్చి, దానికి వేతనమనే తోక తగిలించారు. ఈ మాట వల్ల జరిగిందేమిటంటే పోలిక తెగిపోయింది. జీతం అంటే పక్క ఆఫీసులో అటెండరు జీతంతో పోల్చవచ్చు. గౌరవాన్ని దేనితో పోలుస్తారు? 2006లో సుప్రీంకోర్టు వీళ్ళు ప్రభుత్వ కొలువులో ఉన్నవాళ్ళు కాదంది. 2022కి వచ్చేసరికి అదే కోర్టు, గ్రాట్యుటీ చట్టం కింద ఈ గౌరవ వేతనం కూడా వేతనమే, గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనంది. ఒక మాటకు అర్థం రావడానికి 47 ఏళ్ళు పట్టింది.

2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. 42 రోజులు నడిచింది. మధ్యలో ఎస్మా ప్రయోగించారు, అయినా వెనక్కి తగ్గలేదు. వాళ్ళ కోర్కెల్లో ఒకటి మన విషయానికి సరిగ్గా సరిపోతుంది. అప్పుడు ఆంధ్రలో కార్యకర్తకు 11,500 రూపాయలు, తెలంగాణలో 13,650. తెలంగాణ కంటే ఎక్కువిస్తామన్న మాట నిలబెట్టుకోమని అడిగారు. నల్గొండ పెద్దమ్మ పక్క ఊరిని చూపించినట్టే వీళ్ళు పక్క రాష్ట్రాన్ని చూపించారు. నేను దీన్ని తక్కువ చేయడం లేదు. బజారులో అందరికీ వెంటనే అర్థమయ్యే పోలిక అది, పోరాటాన్ని నిలబెట్టింది. గ్రాట్యుటీ కూడా అడిగారు, అంటే ఉద్యోగుల పక్కన కూడా నిలబడ్డారు. కానీ వార్తల్లో ఎక్కువగా వినబడింది పక్క రాష్ట్రం మాటే. ఆడవాళ్ళను ఆడవాళ్ళతో పోల్చితే సమాజానికి కొరుకుడు పడుతుంది.

చట్టం దగ్గర కూడా ఈ చిక్కే. సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. ఒకే పనికి, లేదా ఒకే తరహా పనికి ఒకే వేతనం అంది. మెకన్నన్ మెకంజీ కంపెనీ కేసు ఆ రోజుల్లో మన సమావేశాల్లో బాగా నలిగింది. లేడీ స్టెనోగ్రాఫర్లకు మగ స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ జీతం. యూనియన్‌తో ఒప్పందం కూడా ఉంది చూడండి అని కంపెనీ వాదించింది. 1987లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కంపెనీకి భరించే స్తోమత లేదన్న వాదన కూడా చెల్లదంది. అక్కడ పోల్చడానికి మగ స్టెనోగ్రాఫర్ ఉన్నాడు. నాట్లు వేసే మగవాడు లేడు కదా. కలుపు తీసే మగవాడు ఎక్కడో ఒకడు. పని ఆడదైపోయాక, పోల్చడానికి మనిషే దొరకడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒడంబడికలో "సమాన విలువ గల పని" అని ఉంది. మన దేశం 1958లో దాన్ని ఆమోదించింది. నాటు వేసే నేర్పుకూ నాగలి దున్నే బలానికీ విలువ కట్టి పోల్చాలంటే ఆ మాట కావాలి. 1976 చట్టం స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో కూడా "ఒకే పని, ఒకే తరహా పని" అన్నదే ఉంది. ఐస్‌లాండ్‌లో 25 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థలు సమాన విలువ గల పనికి సమానంగా ఇస్తున్నామని తామే రుజువు చేసుకోవాలనే చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. ఉద్యోగిని ఫిర్యాదు చేసేదాకా ఆగనక్కర్లేదు.

సంస్కృతి అంటే మారని బండరాయి అనుకోకండి. ఉపాధి హామీ పనులు 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయ్యాయి. ఆడా మగా ఒకే రేటు, ఒకే మస్టర్. మన రాష్ట్రంలో కూలీలను గుంపులుగా చేసి, గుంపు తవ్విన మట్టి కొలిచి, వచ్చినది హాజరును బట్టి పంచేవారు. ముసలమ్మకూ పడుచువాడికీ ఒకటే. గునపం పట్టే కుర్రాళ్ళు గొణిగేవాళ్ళు, నిజమే. అయినా గుంపులో చుట్టాలు, ఇరుగుపొరుగు ఉన్నచోట ఆ గొణుగుడు తక్కువని నేను తిరిగిన ఊళ్ళలో చూశాను. హాంగ్‌కాంగ్‌లో క్వాక్ లియుంగ్, మైకేల్ బాండ్ 1984లో ప్రచురించిన పరిశోధనలో కూడా ఇట్లాంటిదే తేలింది. అక్కడి చైనీయులు తమవాళ్ళతో పంచుకునేటప్పుడు సమానం వైపు మొగ్గుతారు, పరాయివాళ్ళతో అయితే ఎవరి పని వారికే అంటారు. "మనవాళ్ళు" ఎవరన్నది పెద్దదవుతున్న కొద్దీ న్యాయం లెక్క మారుతుంది. ఒకే మస్టర్‌లో ఒకే రేటు చూసిన స్త్రీ, మళ్ళీ రైతు పొలానికి పోయి సగం కూలి తీసుకుంటున్నప్పుడు ఒక క్షణం ఆగుతుంది. ఆ ఆగడం నేను చూశాను.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన సంగతి. మా సంస్థలో ఇద్దరు క్షేత్ర కార్యకర్తలు ఒకేసారి చేరారు. ఒకరు అతను, ఒకరు ఆమె. అవే గ్రామాలు, అవే సమావేశాలు. అతనికి ఎక్కువ ఇచ్చాం. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, పాపం అని. ఆమె ఒంటరి, ఖర్చేముంటుంది అని. నాలుగేళ్ళకు ఆమెకు పెళ్ళయింది, పిల్ల పుట్టింది. జీతం పెంచమని అడిగింది. కమిటీలో ఏమన్నామో తెలుసా? "ఇప్పుడు భర్త సంపాదిస్తున్నాడు కదా." ఆ కమిటీలో ఐదుగురం, నలుగురం ఆడవాళ్ళం. సమాన వేతనం మీద కరపత్రం రాసింది కూడా మేమే. ఆమె గొడవ చేయలేదు. అతని జీతమెంతో ఆమెకు తెలియదు కాబట్టి. తెలిసిన రోజున, మీరు కూడానా అక్కా అని ఒక్క మాట అంది, అంతే. ఇంకో సంస్థలో చేరిపోయింది.

మన సంస్థల్లో "సేవ" అనే మాట "గౌరవ వేతనం" చేసే పనే చేస్తుంది. గ్రామంలో నడిచి తిరిగే స్త్రీకి సేవ, హైదరాబాదులో రిపోర్టు రాసే మనిషికి జీతం. అట్లాగని కొత్తగా కొన్నిచోట్ల తెస్తున్న "పనితీరు మార్కులు" దీనికి మందు అనుకోవడం లేదు. ఎన్ని సంఘాలు పెట్టావు, ఎన్ని సంతకాలు తెచ్చావు అని లెక్కేస్తే, అర్ధరాత్రి దెబ్బలు తిన్న ఆడమనిషిని ఆసుపత్రికి తీసుకుపోయి కూర్చున్న కార్యకర్తకు సున్నా వస్తుంది. అవసరాన్ని చూడాలనే మన నీతిని నేను వదులుకోను. ఒంటరి స్త్రీ, వృద్ధ తల్లిదండ్రులను చూసుకునే కూతురు, వికలాంగుడైన పిల్లవాడున్న తల్లి, వీళ్ళ అవసరం కూడా రిజిస్టర్‌లో రాయమంటున్నాను. మగవాడి అవసరాన్ని అడగకుండానే ఊహించినట్టు, వీళ్ళది అడిగైనా రాయమంటున్నాను.

సర్వేలకు పోయే వాళ్ళకు ఒక మాట. "మీ కూలి న్యాయంగా ఉందా?" అనే ప్రశ్న తీసేయండి. "ఎవరితో పోల్చుకుని చెబుతున్నారు?" అని అడగండి. మీ ఊళ్ళో మగవాళ్ళకు ఎంత, పక్క ఊళ్ళో ఎంత, ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనమెంత, ఈ మూడూ ఒక అట్ట మీద రాసి తీసుకుపోయి, ముందు చూపించి, ఆ తర్వాత అడగండి. బ్రెండా మేజర్ ప్రయోగం గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఎదుట లెక్క కనబడగానే ఆ ఆడవాళ్ళు తమకు తాము తక్కువ కట్టుకోవడం మానేశారు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత బృంద చర్చ ఉంది. అట్ట మీద రాసే పని ఇక్కడే మొదలుపెడదామని మా సంస్థ జీతాల రిజిస్టర్ నకలు తెచ్చాను. పేర్లు తీసేశాను, పని, అనుభవం, ఆడా మగా, నెలకు ఎంత అన్నవి ఉంచాను. ముందు దాన్ని గోడకు అంటిద్దాం. మీ సంస్థల్లోవి ఎవరి దగ్గరైనా ఉంటే పక్కనే అంటించండి. లేనివాళ్ళు సాయంత్రం ఫోన్ చేసి అడగండి. ఇవ్వడానికి ఎవరు వెనకాడతారో అది కూడా రాసుకుందాం.